అంబాసిడర్‌కు కొత్త కాళ్లు

చిక్కపేట అనగానే పట్టుచీరలు గుర్తొస్తాయి. ఇంట్లో పెళ్లి కుదిరితే హిందూపురం నుంచీ మదనపల్లె నుంచీ జనం తెల్లవారుజామునే బండెక్కి ఇక్కడికి వస్తారు. కెంపేగౌడ 1537లో వేయించిన పేట ఇది. ఒక్కో సరుకుకు ఒక్కో వీధి అన్న పాత కట్టుబాటు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఎస్పీ రోడ్డు నిండా ఎలక్ట్రానిక్ సామాన్లు. ఎస్‌జేపీ రోడ్డులో మోటార్లు, బేరింగులు, పనిముట్లు. టౌన్‌హాలు దాటి జేసీ రోడ్డులోకి వస్తే కార్ల సామాన్ల బజారు. చీరల అంగళ్ల నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఒక కారును పూర్తిగా విప్పి మళ్లీ బిగించడానికి కావలసినవి దాదాపు అన్నీ దొరుకుతాయి.

అందుకే తాతగారి అంబాసిడర్‌నో, నాన్న నడిపిన ఫియట్‌నో వదులుకోలేని బెంగళూరువాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ వీధుల్లో అడుగు పెట్టక తప్పదు. చేతిలో జాబితా ఉంటుంది: గ్యాస్ షాకబ్జర్లు, డిస్క్ బ్రేకులు, వెడల్పాటి టైర్లు, ఐదు గేర్ల పెట్టె, కుదిరితే కొత్త ఇంజన్. విదేశాల్లో ఇదొక పెద్ద వ్యాపారం. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 2009లో మొదలైన సింగర్ సంస్థ పాత పోర్షే 911లను ఇలాగే తిరిగి తయారుచేసి అమ్ముతోంది. వాళ్ల దగ్గర ఇంజనీర్ల బృందాలున్నాయి. మన దగ్గర ఉన్నది ఒక మేస్త్రి, ఒక లేత్, ఒక వెల్డింగ్ మిషను. అయితే భౌతికశాస్త్రం ఇద్దరికీ ఒకటే.

కారులో వేల సామాన్లున్నా, అవి చేసే పనిని బట్టి మూడు రకాలే అనుకోవచ్చు: లాగేవి, మోసేవి, ఆపేవి. ఇంజనూ గేర్లూ లాగుతాయి. స్ప్రింగులూ షాకబ్జర్లూ మోస్తాయి. బ్రేకులు ఆపుతాయి, నేలను పట్టుకునే టైర్లు మూడు పనుల్లోనూ చెయ్యి వేస్తాయి. కంపెనీవాడు బండిని గీసిననాడే ఈ మూడింటి మధ్య లెక్క కుదిర్చాడు. మనం ఒకదాన్ని కదిపితే మిగతా రెండూ లెక్క తప్పుతాయి. ఈ అధ్యాయం అంతా ఆ లెక్క గురించే.

బండి పుట్టిననాటి లెక్క

అంబాసిడర్ మనదేనని ఎంత అనుకున్నా దాని పుట్టిల్లు ఇంగ్లండు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనే కారు అచ్చులు తెచ్చి హిందుస్తాన్ మోటార్స్ 1950ల చివర్లో బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో తయారీ మొదలుపెట్టింది. అది 2014 మే నెల దాకా సాగింది. పెట్రోలు అంబాసిడర్‌లో ఎక్కువకాలం ఉన్నది 1,489 సీసీ ఇంజన్, సుమారు 50 హార్స్‌పవర్. ముందు చక్రాలకు టార్షన్ బార్లు, వెనక కమాన్ పట్టీలు, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు, 15 అంగుళాల రిమ్ముల మీద సన్నటి టైర్లు.

ఫియట్ కథ కాస్త వేరు. 1953లో ఇటలీలో వచ్చిన 1100 కారు వంశం అది. ముంబైలోని కుర్లాలో ప్రీమియర్ సంస్థ దాన్ని తయారుచేసి 1970లలో పద్మిని అని పేరు పెట్టింది. 1,089 సీసీ ఇంజన్, ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక మళ్లీ కమాన్లే.

ఈ రెండు బండ్లూ గతుకుల రోడ్లకు, గంటకు అరవై డెబ్బై కిలోమీటర్ల వేగానికి, ఒక్కోసారి ఏడుగురు మనుషులకూ పైన కట్టిన సామానుకూ సరిపడా కుదిరాయి. అంబాసిడర్ వెనక కమాన్లు డ్రైవరు ఒక్కడే ఉన్నప్పుడు ఎగరేయడం, నిండా జనం ఎక్కితే మెత్తగా సాగడం అందరికీ తెలిసిందే. నిండు బరువుకు తగ్గట్టు పెట్టిన స్ప్రింగు ఖాళీ బండికి గట్టిది కాక మానదు.

సెకనుకు ఎన్ని ఊపులు

స్ప్రింగు మీద బరువు పెట్టి వదిలితే తన లయలో అది ఊగుతుంది. సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో తేల్చేవి రెండే: స్ప్రింగు గట్టిదనం, మోసే బరువు. దీన్ని కొలవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. బండి బరువు మీద పడ్డప్పుడు స్ప్రింగు ఎంత కుంగిందో తెలిస్తే చాలు. 25 సెంటీమీటర్లు కుంగే స్ప్రింగు సెకనుకు ఒక్కసారి ఊగుతుంది. 10 సెంటీమీటర్లు కుంగేది దాదాపు 1.6 సార్లు. 6 సెంటీమీటర్లే కుంగే గట్టి స్ప్రింగు రెండుసార్లు.

మన ఒంటికి సెకనుకు ఒకటి, ఒకటిన్నర ఊపులు హాయిగా ఉంటాయి. నడకలో అలవాటైన లయకు అది దగ్గర. అరకంటే తగ్గితే కడుపులో తిప్పుతుంది. నాలుగు నుంచి ఎనిమిది మధ్య వచ్చే అదురు నడుముకూ పొట్టకూ అన్నిటికంటే ఎక్కువ బాధ. కారు సస్పెన్షన్ గీసేవాళ్లు ఒకటికీ రెండుకూ మధ్యనే తిరగడానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక పాత ప్రయోగం చెప్పుకోవాలి. రోల్స్‌రాయిస్ నుంచి అమెరికాలోని కాడిలాక్‌కు వెళ్లిన మారిస్ ఆలీ అనే ఇంజనీరు 1930ల మొదట్లో ఒక విచిత్రమైన కారు కట్టించాడు. దాని ముందూ వెనకా బరువులు తగిలించి, వాటిని జరుపుతూ స్ప్రింగులు మారుస్తూ అందులో కూర్చుని తిరిగాడు. ఆయన తేల్చింది ఇది: ముందు స్ప్రింగులు వెనకవాటికంటే కాస్త మెత్తగా ఉండాలి. అప్పటిదాకా కార్లలో ఉన్నది దీనికి తలకిందులు.

కారణం మన రోడ్డు హంపు మీదే చూడవచ్చు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం హంపు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేలా ఉండాలి. అంబాసిడర్ ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 2,464 మిల్లీమీటర్లు. ఆ వేగంలో ముందు చక్రాలు హంపు ఎక్కిన మూడో వంతు సెకను తర్వాత వెనక చక్రాలు ఎక్కుతాయి. ముందుభాగం ముందుగా ఊగడం మొదలుపెట్టింది కాబట్టి, వెనకభాగం కాస్త త్వరగా ఊగితేనే దాన్ని అందుకుంటుంది. అప్పుడు బండి మొత్తం ఒక్కటిగా లేచి దిగుతుంది. లేకపోతే ముక్కు లేస్తే తోక దిగుతూ, తోక లేస్తే ముక్కు దిగుతూ పోతుంది. ముందుకు మాత్రం గట్టి స్ప్రింగులు వేయించి వెనక కమాన్లను అలాగే వదిలేసినవాళ్లు తెలియకుండానే ఆలీ తేల్చినదాన్ని తిరగేస్తున్నారు.

టార్షన్ బారు విషయంలో ఇంకో మెలిక ఉంది. అది నిజానికి తిన్నగా సాగదీసిన స్ప్రింగు. ఒక కొన కారు ఒంటికి బిగించి ఉంటుంది, రెండో కొనను చక్రం మెలిపెడుతుంది. 1948 నాటి మోరిస్ మైనర్‌లో అలెక్ ఇస్సిగోనిస్ వాడినదీ ఈ పద్ధతే. ఆ కడ్డీ గట్టిదనం దాని మందం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. అంటే మందం పది శాతం పెంచితే గట్టిదనం 46 శాతం పెరుగుతుంది. లేత్ దగ్గర కళ్లకు కనబడని తేడా రోడ్డు మీద నడుముకు తెలుస్తుంది.

ఊపును మింగేది

స్ప్రింగు శక్తిని దాచుకుంటుంది తప్ప ఖర్చు చేయదు. ఊపును వేడిగా మార్చి మింగేది షాకబ్జరు. లోపల నూనె, సన్నటి బెజ్జాలున్న పిస్టను. పిస్టను ఎంత వేగంగా కదిలితే నూనె అంత గట్టిగా అడ్డుకుంటుంది. ఊపు ఒక్కసారి కూడా అవతలికి దాటకుండా ఆగడానికి కావలసిన అడ్డును 1 అనుకుంటే, మామూలు కార్లలో 0.2 నుంచి 0.4 దాకా ఉంచుతారు. ఫెండరు మీద బలంగా నొక్కి వదలండి. బండి పైకి లేచి, ఒక్కసారి కిందికి వచ్చి నిలబడితే షాకబ్జరు బతికే ఉంది. మూడు నాలుగుసార్లు ఊగితే దాని పని అయిపోయింది.

కమాన్ పట్టీలకు ఇంకో గుణం ఉంది. పట్టీ మీద పట్టీ రాసుకోవడం వల్ల అవే కొంత ఊపును మింగుతాయి. కానీ ఆ రాపిడి వేగాన్ని చూడదు. చిన్న గతుకును కదలనివ్వకుండా పట్టేస్తుంది, పెద్ద గుంతకు చాలదు. తుప్పుపట్టిన కమాన్ల బండి సిమెంటు రోడ్డు మీద కూడా గడగడలాడడం ఇందుకే. వాటిని విప్పి, శుభ్రంచేసి, గ్రీజు పట్టిస్తే బండి కొత్తగా అనిపిస్తుంది. అయితే అప్పటిదాకా ఆ రాపిడి చేసిన పని ఇప్పుడు షాకబ్జరు మీద పడుతుంది.

గ్యాస్ షాకబ్జర్ల గొప్ప ఎక్కడుందంటే, వరసగా గతుకులు తగిలినప్పుడు మామూలు షాకబ్జరులో నూనె నురగ కడుతుంది. నురగ నూనెలా అడ్డుకోలేదు. నైట్రోజన్ ఒత్తిడి పెడితే నురగ లేవదు. ఒకే గొట్టంలో నూనెనూ గ్యాసునూ విడదీసి పెట్టే పద్ధతిని ఫ్రాన్సులో డి కార్బన్ 1950లలో మార్కెట్లోకి తెచ్చాడు.

కానీ గట్టిదైనంత మాత్రాన షాకబ్జరు మంచిదేమీ కాదు. రోడ్డుకు అడ్డంగా వరసగా వేసే గీతల్లాంటి చిన్న గట్ల మీద, చక్రాన్ని కిందికి దిగనివ్వకుండా పట్టేసే షాకబ్జరు ఉంటే ఒక గట్టు దాటి చక్రం కిందికి రాకముందే ఇంకో గట్టు వచ్చేస్తుంది. బండి ప్రతి గట్టుకూ కాస్త కుంగుతూ చివరికి రబ్బరు స్టాపుల మీద కూర్చుంటుంది. కొత్తగా వేయించిన షాకబ్జర్లు బాగాలేవని తిట్టుకునేవాళ్లలో చాలామంది బండ్లకు ఉన్న రోగం ఇదే.

కమాన్లు తీసేస్తే

మనసుపడి కమాన్లు పీకించి కాయిల్ స్ప్రింగులు వేయించేవాళ్లున్నారు. కమాన్ పట్టీ రెండు పనులు చేస్తుంది. ఒకటి బరువు మోయడం. రెండోది వెనక ఇరుసు ముందుకూ వెనక్కూ పక్కలకూ జరగకుండా పట్టి ఉంచడం. కాయిల్ స్ప్రింగు మొదటి పనే చేస్తుంది. రెండో పనికి విడిగా కడ్డీలు, పక్కకు జరగకుండా పాన్‌హార్డ్ రాడ్ కావాలి. అవి లేకుండా బిగించిన బండి బ్రేకు వేసినప్పుడు వెనకనుంచి తానే స్టీరింగు తిప్పుతుంది.

దానికంటే పెద్ద ప్రమాదం బరువు ఏ దారిన పోతుందన్నది. అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ లేదు, ఒళ్లే ఛాసిస్. టార్షన్ బారు ముందు చక్రం బరువును వెనక్కి తీసుకెళ్లి, ముందు సీట్ల కింద ఉండే అడ్డ దూలానికి అప్పగిస్తుంది. కమాన్లు వెనక బరువును ఒక్కోవైపు రెండు చోట్లకు పంచుతాయి. కొత్త కాయిల్ స్ప్రింగు మాత్రం మొత్తం బరువును పైన ఒక్కచోట పెడుతుంది. ఆ చోట ఉన్న రేకు పుట్టాక ఎన్నడూ అంత బరువు మోయలేదు. మొదటి నెల అంతా బాగుంటుంది. తర్వాత వెల్డింగు పక్కన వెంట్రుకంత గీత, ఆపై చీలిక. ఇనుము ఒక్క దెబ్బకు విరగకపోయినా లక్షసార్లు పడే చిన్న దెబ్బకు అలసిపోతుంది.

అంతమాత్రాన పాతదంతా మేలని కాదు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ వెనక చక్రాలకు స్వింగ్ యాక్సిల్ ఉండేది. మలుపులో వేగంగా తిప్పితే బయటివైపు చక్రం ఒంటి కిందికి మడుచుకుని బండి వెనకభాగం పైకి లేచేది. 1972లో వచ్చిన స్టాండర్డ్ గజెల్‌లో కంపెనీయే దాన్ని తీసేసి మామూలు ఇరుసు పెట్టింది. మార్చడం తప్పు కాదు, ఆ మార్పు చుట్టూ ఉన్నవాటినీ సరిచేశారా అన్నదే ప్రశ్న.

కిందికి దించితే

స్ప్రింగు చుట్లు కోయించి బండిని దించడం చాలామందికి సరదా. ఎనిమిది చుట్ల స్ప్రింగులో ఒకటి కోస్తే గట్టిదనం 14 శాతం పెరుగుతుంది. కానీ చక్రం పైకి కదలడానికి మిగిలిన చోటు అంతకంటే చాలా ఎక్కువగా తగ్గుతుంది. ఆ కొద్ది చోటులో సరిపెట్టాలంటే స్ప్రింగును ఇంకా బిగించాలి. సెకనుకు ఒకటిన్నర ఊపులున్న బండిని రెండుకు తేవాలంటే గట్టిదనం 78 శాతం పెంచాలి.

ఇక్కడ ఒక అపోహ. గట్టి స్ప్రింగులు వేస్తే మలుపులో బరువు బయటి చక్రాల మీదికి పోదని అనుకుంటారు. ఒరగడం తగ్గుతుంది గానీ, మొత్తం మీద బయటికి పోయే బరువు దాదాపు అంతే ఉంటుంది. దాన్ని తేల్చేవి మూడే: మలుపులో పక్కకు తోసే బలం, గరిమనాభి ఎత్తు, కుడి ఎడమ చక్రాల మధ్య దూరం. స్ప్రింగులూ, ఒరగడాన్ని తగ్గించే యాంటీ రోల్ బార్లూ చేసేది ఆ బరువును ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ ఎలా పంచాలో నిర్ణయించడం. ముందు మాత్రమే లావుపాటి బారు పెడితే బండి మలుపు తిరగకుండా నేరుగా పోవాలని చూస్తుంది.

ఆపేవి

జేసీ రోడ్డు ప్రాంతపు గ్యారేజీల్లో ఇలాంటి సంభాషణ ఎప్పుడైనా వినబడుతుంది.

"అన్నా, ఫస్టు ఇంజన్ మార్చేద్దాం. మిగతాది నిదానంగా చూసుకుందాం."

"ఉరికేది తర్వాత సార్. ఆపేది ఎట్లనో ముందు చెప్పండి."

మేస్త్రి మాట వెనక గట్టి లెక్క ఉంది. నలుగురితో కలిపి బండి 1,400 కిలోలు అనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో దాని గతిశక్తి సుమారు 194 కిలోజౌళ్లు. 100లో 540. వేగం రెట్టింపు కూడా కాలేదు, శక్తి మూడింతలకు దగ్గరైంది. ఆ 540 కిలోజౌళ్లంటే లీటరున్నర పైచిలుకు నీళ్లను మరిగే దాకా తెచ్చేంత వేడి. ఒక్కసారి బ్రేకు తొక్కినప్పుడు అందులో చాలా భాగం కొద్ది సెకన్లలో బ్రేకుల్లోకి దిగాలి.

డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూలకు దూరంగా జరుగుతుంది. ఘాటు రోడ్డు దిగేటప్పుడు పెడలు లోపలికి పోవడానికి అది ఒక కారణం. డిస్కు బయట గాలిలో తిరుగుతుంది, వేడెక్కి మందమైనా ప్యాడు వైపే పెరుగుతుంది. ఇదీ దాని గెలుపు. అయితే డ్రమ్ము తిరిగే ఊపుతోనే ఒక షూను తనలోకి లాక్కుంటుంది, డ్రైవరు కాలికి సాయం చేస్తుంది. డిస్కుకు ఆ గుణం లేదు. అందుకే డిస్కులు వేసినవాళ్లు బూస్టరూ వేయాలి. క్యాలిపరుకు ఎక్కువ నూనె కావాలి కాబట్టి మాస్టర్ సిలిండరు మార్చాలి. ముందు బ్రేకులు బలపడ్డాక వెనక డ్రమ్ములకు వెళ్లే ఒత్తిడినీ సరిచూసుకోవాలి. డిస్కు ఒక్కటే కొని ఇంటికి వెళ్తే పని సగమే అయినట్టు.

టైర్ల సంగతీ అంతే. రేడియల్ టైరు రోడ్డును బాగా పట్టుకుంటుంది. కానీ ముందు రేడియళ్లు, వెనక పాత క్రాస్‌ప్లై టైర్లు ఉంచితే మలుపులో వెనకభాగం జారుతుంది. వేస్తే నాలుగూ ఒకేసారి వేయాలి. వెడల్పు పెరిగే కొద్దీ పవర్ స్టీరింగు లేని బండిలో పార్కింగు భుజాలకు కసరత్తే.

లాగేవి

ఇంజన్ మార్చడంలో మనకంటే ముందు కంపెనీలే ఉన్నాయి. ప్రీమియర్ 1985లో తెచ్చిన 118 ఎన్ఈలో ఫియట్ 124 ఒంట్లో నిస్సాన్ 1,171 సీసీ ఇంజన్ కూర్చుంది. 1990ల తొలినాళ్లలో హిందుస్తాన్ మోటార్స్ అంబాసిడర్‌లో ఇసుజు 1,817 సీసీ ఇంజన్, ఐదు గేర్ల పెట్టె పెట్టింది. 50 హార్స్‌పవర్ 75 అయింది. వెనక కమాన్లు మాత్రం అవే.

శక్తి ఒకటిన్నర రెట్లయింది కదా, గరిష్ఠ వేగమూ అంతే పెరగాలి అనుకుంటే పొరపాటు. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి అదే ఒంటికి శక్తి 50 శాతం పెరిగితే గరిష్ఠ వేగం పెరిగేది 14 శాతం మాత్రమే. నిజమైన లాభం పికప్‌లో, ఎత్తులు ఎక్కడంలో, ఐదో గేరులో ఇంజన్ నింపాదిగా తిరగడంలో. దానికి మూల్యం రేడియేటరు చెల్లిస్తుంది. కాల్చిన పెట్రోలు శక్తిలో పావు వంతు అటూఇటూ చక్రాలకు పోతే, దాదాపు మూడో వంతు చల్లబరిచే నీళ్లలోకి పోతుంది. హైవే మీద గాలి సాయం ఉంటుంది. టౌన్‌హాలు సిగ్నల్ దగ్గర ఉండేది ఫ్యానే. ఇంకా క్రౌన్ పినియన్, ప్రొపెల్లర్ షాఫ్టు, ఇంజన్ మౌంటింగులు అన్నీ పాత శక్తికి తగ్గట్టు చేసినవి.

కాగితాల లెక్క

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ చెప్పిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడు వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ఇంజన్ మార్చాలంటే ముందుగా ఆర్టీవో అనుమతి తీసుకోవాలి. రిజిస్ట్రేషన్ పుస్తకానికీ బండికీ పొంతన లేకపోతే ప్రమాదం జరిగిన రోజున బీమా క్లెయిము కూడా చిక్కుల్లో పడుతుంది.

2021 జూలైలో వింటేజ్ వాహనాలకు వేరే నిబంధనలు వచ్చాయి. 50 ఏళ్లు దాటి, ఛాసిస్, ఒళ్లు, ఇంజన్ పెద్దగా మార్చని బండికి 'వీఏ' వరస నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. అలాంటి బండిని రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు. ఈనాడు కోసిన స్ప్రింగు, వెల్డింగు చేసిన బ్రాకెట్టు రేపు ఆ నంబరుకు అడ్డం పడవచ్చు.

కాబట్టి పాత కారున్నవాళ్లు ఈ వరస పాటించడం మంచిది. ముందు బ్రేకులు, టైర్లు, అరిగిన బుష్షులు. తర్వాత షాకబ్జర్లు, కమాన్లను విప్పి సరిచేయడం. అంతా కుదిరాక, కాగితాలు చేతికొచ్చాక ఇంజన్ మాట. కోసేదానికంటే బోల్టుతో బిగించేది ఎంచుకోండి. విప్పిన ప్రతి అసలు సామానుకూ చీటీ కట్టి అటక మీద దాచండి. మళ్లీ వెనక్కి తీసుకోగలిగిన మార్పే పాత కారుకు మేలైన మార్పు.